మీ ముత్తాత నాయన పేరు చెప్పండి చూద్దాం

పోయిన నెల ఒక శుక్రవారం రాత్రి రిలీజు కాల్‌లో ఉన్నాను. బిల్డు ఫెయిలయింది. తప్పు సరిచేసి మళ్ళీ మొదలుపెట్టాం. ఇక నలభై నిమిషాలు చేసేదేమీ లేదు. కాల్‌లో ఇద్దరమే మిగిలాం. బెంగళూరులో నేను, అమెరికాలో మా క్లయింటు తరఫు పెద్దాయన. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఊరు అయోవాలో ఒక పల్లె. చుట్టూ మొక్కజొన్న చేలేనట.

ఊరికే కూర్చోవడం ఎందుకని ఆయన స్క్రీన్ షేర్ చేసి తన వంశవృక్షం చూపించాడు. ఆయన ముత్తాతకు తాత ఇంగ్లండులో బండి చక్రాలు చేసే వడ్రంగి. 1850లలో పెళ్ళాం పిల్లలతో ఓడెక్కి అమెరికా చేరాడు. పల్లెలో కొట్టం పెట్టుకుని చక్రాలు చేశాడు, తర్వాత భూమి తీసుకుని రైతయ్యాడు. ఇదంతా ఎవరో చెప్పుకున్న కథ కాదు. ప్రతి అడుగుకీ ఒక కాగితం ఉంది. చర్చి రిజిస్టర్లో బాప్తిస్మం, 1841 ఇంగ్లండు జనాభా లెక్కల్లో పేరు, వృత్తి. ఓడ ప్రయాణికుల జాబితా. అమెరికా జనాభా లెక్కల్లో ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరి పేరు, వయసు. చివరికి సమాధి రాయి ఫోటో. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"మీవాళ్ళేం చేసేవాళ్ళు?" అని అడిగాడు. "మావాళ్ళూ వడ్రంగులే. మా తాత దాకా బండ్లు, మడకలు చేసినవాళ్ళే" అన్నాను. పెద్దాయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అయితే మనిద్దరం ఒకటే! చెప్పు చెప్పు, నువ్వెంత వెనక్కి పోగలవు?"

నాన్న పేరు చెప్పాను. తాత పేరు చెప్పాను. ముత్తాత పేరు కాస్త ఆలోచించి చెప్పాను. "ఆయన తండ్రి?" అన్నాడు.

అక్కడితో ఆగిపోయాను. బిల్డు పూర్తయింది కాబట్టి పరువు దక్కింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వేల మైళ్ళ దూరం వలస పోయినవాడు ఏడు తరాలు గడగడా చెప్పేస్తున్నాడు. ఎక్కడికీ పోకుండా ఒకే ఊళ్ళో ఉన్నామనుకుంటున్న నేను మూడు తరాల తర్వాత గోడకు గుద్దుకున్నాను. ఉన్న ఊళ్ళోనే ఉన్నవాడికి ఎక్కువ తెలియాలి కదా? ఇదెక్కడి లెక్క?

మా ఊరు తలుపుల. కదిరికి దగ్గర. ఆ వారాంతమే బస్సెక్కి పోయి మా జేజిని కూర్చోబెట్టి అడిగాను (నాన్నమ్మను మేం జేజి అంటాం). ఎనభై దాటాయి. నిన్న ఏం తిన్నదో మర్చిపోతుంది గానీ, అరవై ఏళ్ళ కిందటి సంగతి అడిగితే ఏ వారం జరిగిందో కూడా చెప్తుంది.

"జేజీ, మీ మామ వాళ్ళ నాయన పేరేంది?"

"ఎవురికి తెల్సురా నాయనా. మేం కోడండ్లం. మామ పేరే నోటితో పలకగూడదు, ఆయప్ప నాయన పేరు నాకెవురు చెప్తారు?"

అంటే మొగుడి పేరు, మామ పేరు పలకకూడదన్న ఆచారం కూడా మన రికార్డులను తుడిచేసిందన్నమాట. ఈ కోణం నాకు అంతవరకూ తట్టలేదు. ఇంటి సంగతులన్నీ గుర్తుపెట్టుకునేది ఆడవాళ్ళు. పేర్లు పలకకూడనిది కూడా వాళ్ళే.

కాసేపుండి తనే అనింది. "ఆయప్పకు తమ్ముడొకడుండెనంట. నరసప్పో, నరసింహులో. కరువులో దేశాంతరం పాయె. మళ్ళా రానే లేదంట. మా అత్త చెప్తాండె."

"ఏ కరువు జేజీ?"

"ఏ కరువంటే ఏం చెప్పల్లరా? కరువులకేం కొదవ మనకు?"

అదీ నిజమే. మా సీమలో కరువు సంవత్సరాలు లెక్కపెడితే వేళ్ళు చాలవు. 1876-78 నాటి ధాత కరువు అన్నిటికంటే పెద్దది. తర్వాత 1891-92, మళ్ళీ 1896-97. వీటిలో ఏదైనా కావచ్చు.

ఇక్కడ వడ్రంగి సంగతి ఒకటి చెప్పాలి. పాతకాలంలో వడ్రంగికి, కమ్మరికి, కుమ్మరికి, మంగలికి రోజువారీ డబ్బులు ఇచ్చేవాళ్ళు కాదు. ఏడాదంతా పనిచేస్తే పంట వచ్చినప్పుడు కళ్ళంలో గింజలు కొలిచి ఇచ్చేవాళ్ళు. దాన్ని మేర అంటారు. పంట ఎండిపోతే కళ్ళం లేదు, కళ్ళం లేకపోతే మేర లేదు. రైతుకు పాతరలో కాసిన్ని పాత గింజలైనా ఉంటాయేమో, వడ్రంగికి ఏమీ ఉండదు. ఎద్దులు చచ్చిపోతుంటే మడక ఎవడికి కావాలి, బండి ఎవడికి కావాలి? అందుకే కరువొస్తే ఊరు విడిచేవాళ్ళలో చేతిపనులవాళ్ళు, సాలెవాళ్ళు, భూమిలేని కూలీలు ముందుంటారు. నరసప్ప ఎందుకు పోయాడో నాకు కాగితం అక్కర్లేకుండానే అర్థమయింది.

ఎక్కడికి పోయుంటాడు? ఆరోజుల్లో మన దేశం నుంచి కూలీలను ఓడల్లో చెరకు తోటలకు తీసుకుపోయేవాళ్ళు. బానిసత్వం రద్దయ్యాక తోటలకు మనుషులు కావాల్సొచ్చి తెల్లదొరలు పెట్టిన పద్ధతి ఇది. ఐదేళ్ళ ఒప్పందం మీద వేలిముద్ర వేయించుకుంటారు. అగ్రిమెంట్ అనే మాట జనం నోట్లో పడి గిర్మిట్ అయింది. మారిషస్‌కు 1834లో మొదలయింది. 1920 దాకా దాదాపు 5 లక్షల మంది భారతీయులు అక్కడ దిగారు. వాళ్ళు దిగిన మెట్లున్న ఆప్రవాసి ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడి తెలుగువాళ్ళను కోరంగీలు అనేవాళ్ళు. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న దర్బన్ చేరింది. 1911 దాకా 1,52,184 మంది నటాల్ పోయారు. ఫిజీకి మద్రాసు నుంచి 1903లో మొదలయింది. వీళ్ళల్లో తెలుగువాళ్ళు తక్కువేం కాదు.

కదిరికి రైలు వచ్చింది 1890లలో, ధర్మవరం-పాకాల లైను వేసినప్పుడు. ధాత కరువులో పోయినవాళ్ళయితే కదిరి నుంచి నడిచే బయల్దేరి ఉండాలి. గంజి కేంద్రాల దగ్గర, సంతల దగ్గర మేస్త్రీలు తగులుకునేవాళ్ళు. మద్రాసు డిపోకు చేర్చి ఓడ ఎక్కించేవాళ్ళు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. నా కళ్ళు తెరిపించింది ఇదే.

ఆ ఓడ ఎక్కిన ప్రతి మనిషికీ ఒక రికార్డు ఉంది! నటాల్ ఓడల జాబితాలు చూడండి. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. ఫిజీ పాసుల మీద ఇవే కాక ఎత్తు, దగ్గరి బంధువు పేరు కూడా ఉంటాయి. మారిషస్‌లోనైతే 1860ల నుంచి ఫోటోలు కూడా తీశారు. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్లో ఆ రిజిస్టర్లను భద్రంగా దాచారు. నటాల్ జాబితాలను దర్బన్‌లో విశ్వవిద్యాలయం వాళ్ళు కంప్యూటరుకు ఎక్కించారు.

ఇంత శ్రద్ధ ఎందుకంటే ప్రేమతో కాదు. కొన్న సరుకుకు స్టాకు రిజిస్టరు ఉండాలి కాబట్టి. పారిపోతే పట్టుకోవాలి కాబట్టి. ఒంటి మీద మచ్చ రాసుకున్నది అందుకే. (మన పదో తరగతి సర్టిఫికెట్లో రెండు పుట్టుమచ్చలు ఎందుకు రాస్తారో చిన్నప్పటి నుంచీ నాకో అనుమానం. మనిషిని మచ్చతో గుర్తుపట్టే ఈ అలవాటు మన ప్రభుత్వాలకు ఈనాటిది కాదు.)

ఉద్దేశం ఏదైనా ఫలితం మాత్రం ఇది. దర్బన్‌లోనో, సువాలోనో ఉన్న తెలుగువాడు, తెలుగు ఒక్క ముక్క రాకపోయినా, ముత్తాత తండ్రి పేరు, ఊరు, తాలూకా చూపించగలడు. ఆయన ఓడెక్కిన రోజున ఇంట్లోనే ఉండిపోయిన అన్న మనవడికి, అంటే మనకు, ఆ పేరు తెలియదు.

నేనూ వెతికాను. నరసప్ప, నరసింహులు, నర్సిమ్లూ, నర్సయ్య, ఎన్ని రకాలుగా పలకవచ్చో అన్ని రకాలుగా. రాసిన గుమాస్తాకు తెలుగు రాదు, చెప్పినవాడికి చదువు రాదు. ఒకే పేరు పది రకాలుగా ఉంటుంది. మా వైపు కదిరి నరసింహస్వామి పేరు ఇంటికొకరికి ఉంటుంది కాబట్టి ఆ పేరున్నవాళ్ళకు కొదవ లేదు. జిల్లా కూడా ఒక చిక్కే. అనంతపురం జిల్లా అని వెతికితే మా ఊరివాళ్ళు దొరకరు. అనంతపురం జిల్లా పుట్టిందే 1882లో, బళ్ళారి నుంచి విడిపోయి. కదిరి తాలూకా అప్పటికి కడప జిల్లాలో ఉంది, 1910లో గానీ అనంతపురంలో కలవలేదు. 2022లో మళ్ళీ శ్రీ సత్యసాయి జిల్లా అయింది. అంటే మా ఊరు కదలకుండా కూర్చుని మూడు జిల్లాలు తిరిగింది. మదనపల్లె వాళ్ళకూ ఇదే బాధ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా వాళ్ళూ కడప జిల్లావాళ్ళే. మీరెవరైనా వెతికితే ఈ సంగతి మర్చిపోకండి.

సరే, కడప అని వెతికాను. అయినా అక్కడితో ఆగిపోయాను. ఎందుకంటే ఏ నరసప్ప మా నరసప్పో తేల్చేది ఒకే ఒక్క కాలమ్. తండ్రి పేరు. అవతలివైపు ఆ కాలమ్ నిండుగా ఉంది. ఇవతలివైపు, మా ఇంట్లో, అది ఖాళీ.

మన భాషలో చెప్పాలంటే రెండు టేబుళ్ళున్నాయి. వాళ్ళ టేబుల్లో కీ ఉంది. మన టేబుల్లో కీ కాలమంతా నల్. జాయిన్ ఎలా చేస్తాం?

ఇది నా ఒక్కడి సమస్య అయితే ఇంత పొడుగు టపా రాసేవాణ్ణి కాదు. అటునుంచి వెతుక్కుంటూ వచ్చేవాళ్ళున్నారు. నాలుగో తరం వాళ్ళు, ఐదో తరం వాళ్ళు పాత కాగితం జిరాక్సు పట్టుకుని మన పల్లెలకు వస్తుంటారు. ఇలాంటివాళ్ళ కోసమే భారత ప్రభుత్వం 2008లో మూలాలు వెతికిపెట్టే పథకం ఒకటి పెట్టింది. వాళ్ళు ఊరి రచ్చబండ దగ్గర నిలబడి, "ఫలానా పేరు, ఫలానా వాళ్ళ కొడుకు, ఇక్కణ్ణుంచే పోయాడు" అని చెప్తే, అవునని చెప్పగలిగేవాడు ఊళ్ళో ఒక్కడైనా ఉండాలి కదా? నూరేళ్ళు దాచుకున్న కాగితం తెచ్చినవాడికి మనం "ఏమో సార్, తెలీదు" అని చెప్పి కాఫీ ఇచ్చి పంపిస్తాం.

మనకు గతమంటే ఇష్టం లేదా అంటే అదీ కాదు. మా ప్రాంతంలోనే తిమ్మమ్మ మర్రిమాను ఉంది. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన చెట్టు. తిమ్మమ్మ 1434లో భర్తతో సహగమనం చేస్తే ఆ చోట మొలిచిందని కథ. ఆ కథ మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చు. దాదాపు ఆరు వందల ఏళ్ళ కిందటి తిమ్మమ్మ పేరు తెలుసు. నూరేళ్ళ కిందటి సొంత ముత్తవ్వ పేరు తెలీదు. దేవుళ్ళను, రాజులను, పతివ్రతలను గుర్తుపెట్టుకుంటాం. మనుషులను మర్చిపోతాం.

రాసిపెట్టే పద్ధతి మనకు మొదటినుంచీ లేదని కొందరంటారు. నేను ఒప్పుకోను. కాపుల ఇళ్ళకు పిచ్చిగుంట్లవాళ్ళు వచ్చి ఆ ఇంటి గోత్రం, వంశం వరసగా చెప్పేవాళ్ళు. ఇప్పుడు ప్రభుత్వ జాబితాలో వాళ్ళ పేరు వంశరాజ్. పేరే సాక్ష్యం. పద్మశాలీలకు కూనపులివాళ్ళు, సాధనాశూరులు ఉన్నారు. విశ్వబ్రాహ్మణులకు రుంజవాళ్ళు ఉన్నారు. అడుక్కుతినేవాళ్ళని మనం గడపలోంచే పంపించేసినవాళ్ళు నిజానికి మన బ్యాకప్ సర్వర్లు. వాళ్ళ పిల్లలు ఆ పని మానేశారు. మానేయడమే న్యాయం, ఎవరి వంశాన్నో పొగుడుతూ చేయి చాచాల్సిన ఖర్మ వాళ్ళకెందుకు? కానీ ఆపేముందు వాళ్ళకు తెలిసింది రాసుకోవాలన్న ధ్యాస మనకు లేకపోయింది.

కాగితాలు కూడా అసలు లేవని కాదు. 1800లో సీమ జిల్లాలు నిజాం నుంచి కంపెనీ చేతికొచ్చాక, 1807 దాకా కలెక్టరుగా ఉన్న మన్రో పొలం పొలం కొలిపించి ఎవరి సాగులో ఉందో రాయించాడు. మెకంజీ ఊరూరా కరణాల చేత కైఫీయత్తులు రాయించాడు. కడపలోని సి.పి. బ్రౌన్ కేంద్రం వాళ్ళు వాటిని పుస్తకాలుగా వేశారు. తర్వాత ఇనాం రిజిస్టర్లు, రీసెటిల్మెంట్ రిజిస్టర్లు వచ్చాయి. రెవెన్యూవాళ్ళు డైగ్లాట్ అంటారే, అది. కానీ ఇవన్నీ భూమి లెక్కలు. భూమి ఉన్నవాడే వీటిలో మనిషి. మడక చేసినవాడి పేరు, మడక పట్టిన కూలివాడి పేరు వీటిలో వెతకడం దండగ. ఇంగ్లండులో 1841 నుంచి జనాభా లెక్కల్లో కూలివాడి పేరు కూడా ఉంది, నూరేళ్ళు దాటాక ఆ కాగితాలు జనానికి తెరుస్తారు. 1921 లెక్కలను 2022లో తెరిచారు. అమెరికావాళ్ళు 72 ఏళ్ళకే తెరుస్తారు, 1950వి కూడా 2022లోనే బయటికొచ్చాయి. మన దగ్గర జనాభా లెక్కలంటే మొత్తం అంకెలే. ఊరికి ఇంతమంది, కులానికి ఇంతమంది. పేర్లుండవు.

ఇక్కడ నాకు తెలిసినవాళ్ళు రెండు ప్రశ్నలు అడిగారు. రెండూ న్యాయమైనవే.

మొదటిది: "తెలుసుకుని ఏం చేస్తావ్?" ప్యాకేజీ పెరుగుతుందా, హెచ్1బి వస్తుందా? రాదు. నిజమే. కానీ ఒకటి గమనించండి. అమెరికా పెద్దాయన తన వడ్రంగిని ఎందుకు అంత గర్వంగా చూపిస్తున్నాడు? ఆయన పూర్వీకుడు ఇష్టపడి పోయాడు, స్వేచ్ఛగా దిగాడు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం లాంటివి ఆ పల్లెల్లో కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చాయి. (అంతకుముందు ఆ భూమిలో ఉన్న ఆదివాసుల సంగతి ఆ వంశవృక్షాల్లో ఉండదు, అది వేరే కథ.) అందుకే అది వీరగాథ అయింది. మన నరసప్పకు దొరికింది నెలకు పది షిల్లింగుల కూలి, చెరకు తోట, సర్దారు కొరడా. అందుకే అది ఇంట్లో చెప్పుకోని కథ అయింది. సముద్రం దాటినందుకు కులం చెడిందనుకున్నారు, తిండికి పోయినందుకు పరువు పోయిందనుకున్నారు. పోయినవాడి పేరు ఎత్తడం మానేశారు. ఆ మానేయడమే నాకు అన్యాయం అనిపిస్తోంది. ఆకలికి ఊరు విడవడం సిగ్గుపడాల్సిన పని కాదు. ఇప్పుడు నా ఫ్రెండ్సు డల్లాస్ పోతే ఊళ్ళో స్వీట్లు పంచుతున్నారు. తేడా జీతంలోనే కదా?

అలాగని మనల్ని మనం సైబర్ కూలీలని పిలుచుకుని నరసప్ప పక్కన నిలబడటం నాకు ఇష్టం లేదు. వీసా కష్టాలు నిజమే, ఫ్రెషర్ల బాండ్లు నిజమే. కానీ ఏసీలో కూర్చుని ఆ మాట అనుకోవడం వాళ్ళ కష్టాన్ని చులకన చేయడమే. పోలిక ఒక్క చోట మాత్రం కుదురుతుంది. పేరు దగ్గర. నటాల్‌లో, మారిషస్‌లో దిగిన తెలుగువాడి ఇంటిపేరు ఫారంలో పట్టలేదు. ఆయన సొంత పేరే పిల్లలకు ఇంటిపేరయింది. నూట యాభై ఏళ్ళ తర్వాత మన పేర్లు కూడా అమెరికా ఫారంలో పట్టక, ఇంటిపేరు ముందా వెనకా తేలక, మొదటి పేరు తెలియదు అని వీసా మీద అచ్చేయించుకున్నవాళ్ళు మీలో ఎంతమంది లేరు?

రెండో ప్రశ్న ఇంకా గట్టిది. "వంశవృక్షాలు తవ్వితే బయటపడేది కులమే కదా?"

ఆ రాత్రి పెద్దాయనకు మావాళ్ళు వడ్రంగులని చెప్పినప్పుడు ఆయనకు వినబడింది ఒక పని. అదే మాట మన ఆఫీసు క్యాంటీన్లో చెప్తే మీకు వినబడేది ఒక కులం. వాళ్ళల్లోనూ స్మిత్ అంటే కమ్మరే, కార్ట్‌రైట్ అంటే బండ్లు చేసేవాడే. కానీ ఇప్పుడు స్మిత్ అని చెప్పుకున్నవాణ్ణి ఎవరూ కొలిమి దగ్గర కూర్చోబెట్టరు. మన దగ్గర "మీ తాత ఏం చేసేవాడు?" అన్నది మామూలు ప్రశ్న కాదు. అందుకే చాలామంది ఆ ప్రశ్న రాకుండా జాగ్రత్తపడతారు, కొందరు సమాధానమే మార్చి చెప్తారు. వాళ్ళను నేను తప్పుపట్టను. ఇల్లు అద్దెకు అడిగేటప్పుడు ఆ ప్రశ్న ఎదుర్కొన్నవాళ్ళకు దాని బరువు తెలుసు.

కానీ నా అభిప్రాయం ఇది. ఇప్పుడు మనకు మిగిలింది కులం ఒక్కటే, మనుషులు లేరు. అదే అసలు జబ్బు. ఇంటిపేరు, గోత్రం, కులసంఘం వాట్సాప్ గ్రూపు, ఇవన్నీ ఉన్నాయి. కులపురాణం ప్రకారం అందరం ఎవరో ఒక ఋషికో రాజుకో పుట్టాం. మధ్యలో మేర గింజల కోసం కళ్ళంలో నిలబడ్డ మనిషి మాయమైపోయాడు. నిజంగా ఒక్కొక్కరి కథా తవ్వితే కులగర్వం నిలబడదు. మా జేజి చెప్పినదాంట్లోనే ఎంతుందో చూడండి. మా ఇంట్లో కరువుకు ఊరొదిలినవాడు ఉన్నాడు, అప్పుకు పనిముట్లు తాకట్టు పెట్టినవాడు ఉన్నాడు, ఇల్లిల్లూ తిరిగి సంగటి అడుక్కొచ్చి పిల్లలను బతికించిన ముత్తవ్వ ఉంది. ఇవి రాసుకున్న ఇంట్లో పిల్లవాడు "మేమెవరమో తెలుసా" అని మీసం మెలేయలేడు. పక్కవాడి తాతను చిన్నచూపు చూడనూ లేడు.

ఇంకో సంగతి. తద్దినాలు పెట్టే ఇళ్ళల్లో మూడు తరాల పేర్లు చెప్పాలి. తండ్రి, తాత, ముత్తాత. నాకు గుర్తున్నదీ సరిగ్గా మూడే. అంతకుముందువాళ్ళను పేరు పెట్టి పిలిచే అవసరం మనకు ఎక్కడా రాదు. ఇక వంశవృక్షమనే కాగితం మన ఇళ్ళల్లో పుట్టేది రెండు చోట్లే. కోర్టులో భాగాల దావా పడితే, లేదా ఎమ్మార్వో ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలంటే. ఆస్తి కోసం గీసిన చెట్టులో ఆస్తి రానివాళ్ళు ఎందుకుంటారు? దేశాంతరం పోయిన తమ్ముడుండడు. చిన్నప్పుడే పోయిన పిల్లలుండరు. కోడళ్ళ పుట్టిళ్ళు అసలే ఉండవు.

కాబట్టి నేను చేస్తున్నదేంటో చెప్తాను, మీకు పనికొస్తే తీసుకోండి. పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ రాయలేదు, ఒక ఎక్సెల్ షీటు చాలు. పేరు, పిలిచే పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన ఊరు, చేసిన పని, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు. చివరి రెండు కాలమ్‌లు తప్పకుండా పెట్టండి, విన్నదీ కాగితంలో ఉన్నదీ కలిసిపోకూడదు. సంవత్సరాలు అడిగితే పెద్దవాళ్ళు చెప్పలేరు. "ఆ గాలివాన వచ్చినప్పుడా, ఈ కరువప్పుడా, ఫలానావాళ్ళ పెళ్ళికి ముందా వెనకా" అని అడిగితే ఠక్కున చెప్తారు. ఫోన్‌లో రికార్డు పెట్టి పక్కన పెట్టేయండి, ముఖానికి ఆనించకండి, మాట ఆగిపోతుంది. ట్రంకుపెట్టెలో పాత పట్టాలు, ప్రాంసరీ నోట్లు, దస్తావేజులు ఉంటే ఫోటోలు తీయండి. దస్తావేజులో సాక్షుల పేర్ల పక్కన వాళ్ళ తండ్రుల పేర్లు కూడా ఉంటాయి. బడి అడ్మిషన్ రిజిస్టర్లు అడిగి చూడండి. మేనత్తలను, అమ్మమ్మ వైపువాళ్ళను ముందు అడగండి, మగవాళ్ళకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు. ఎవరైనా ఊరు వదిలిపోయారా అని మర్చిపోకుండా అడగండి. అడిగితేనే చెప్తారు, ఆ పేరు తమంతట తాము ఎత్తరు.

ముత్తాత నాయన పేరు ఇంకా దొరకలేదు. కదిరి పక్కన ఒక పల్లెలో మా తాతకు వరసకు చెల్లెలైన ఒక అవ్వ ఉందట, తొంభై ఏళ్ళట. వచ్చే శనివారం పోతున్నాను. ఆమెకు తెలిసుంటే ఆ ఒక్క గడి నిండుతుంది. ఆ తర్వాత మళ్ళీ నటాల్ జాబితా తెరుస్తాను. నిండకపోతే ఇంతే సంగతులు.

మొన్న జేజి దగ్గర అన్నీ రాసుకున్నాక, షీటులో తన వరసకు వచ్చి, "జేజీ, మీ అమ్మ పేరు?" అన్నాను.

"ఆయమ్మ పేరెందుకురా? ఆయమ్మది ఈ ఇల్లు గాదు కదా."

"అయినా చెప్పు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పేరు చెప్పింది. "ఈ ఇంటికొచ్చి డెబ్బై ఏండ్లాయ. ఇంతవరకూ ఎవురూ అడగల్యా" అనింది. మళ్ళీ తనే, "సరిగ్గా రాస్తివా? చదువు ఇనిపించు" అంది.

చదివి వినిపించాను.

వచ్చే పండక్కి మీరూ ఊరు పోతారు కదా, అడిగి చూడండి. మీ ముత్తాత నాయన పేరు మీకు తెలిస్తే మీరు అదృష్టవంతులు. తెలియకపోతే, చెప్పగలిగినవాళ్ళు ఎవరున్నారో, వాళ్ళ వయసెంతో ఒకసారి లెక్క వేసుకోండి.